క్యాన్ మూత తీసిన ఆ పది సెకన్లు

పొద్దున్నే కేంద్రంలో పాలు పోసి, బస్సెక్కి విశాఖ దాకా వచ్చిన రైతులకు, అక్కచెల్లెళ్లకు, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే పనిలో కొత్తగా చేరిన గోపాలమిత్రలకు నమస్కారం.

పశువుకు కృత్రిమ గర్భధారణ చేయిస్తే ఊళ్లో మనం ‘సూది వేయించాం’ అంటాం. ఆ సూదిలో ఎక్కించేది ఇదిగో, ఈ స్ట్రా. చీపురుపుల్లంత సన్నం. పట్టేది పావు మిల్లీలీటరే. దీని మీద ఆబోతు నంబరు, జాతి, తయారైన తేదీ అచ్చేసి ఉంటాయి. లోపల దాదాపు 2 కోట్ల వీర్యకణాలు నిద్రపోతున్నాయి.

వాటిని నిద్రపుచ్చడం అంత తేలిక కాదు. వట్టిగా గడ్డకట్టిస్తే నీరు మంచు ముళ్లుగా మారి కణం పొరను చీల్చేస్తుంది. ఏళ్ల తరబడి ఎవరికీ దారి దొరకలేదు. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు కోడిపుంజు వీర్యం మీద పని చేస్తుంటే, చక్కెర ద్రావణం అనుకుని వాడిన సీసాలో నిజానికి గ్లిజరాల్ ఉంది. లేబుల్ మారిపోయింది! ఆ గ్లిజరాలే కణాన్ని కాపాడిందని తర్వాత తేలింది. ఇవాళ్టికీ గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ కలిపి, 4 డిగ్రీలకు చల్లార్చి, కొన్ని గంటలు ఆగి, నైట్రోజన్ ఆవిరిలో గడ్డకట్టించి, ఆఖరున మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. అక్కడ ఏళ్లకేళ్లు పాడవదు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి ఊరంతా చీకట్లో ఉన్నప్పుడు మన ఇళ్లలో ఫ్రిజ్‌లు ఏమయ్యాయో గుర్తుందిగా? నైట్రోజన్ క్యాన్‌కి ఆ బాధ లేదు. దానికి కావలసింది నైట్రోజన్ తగ్గకుండా చూసుకునే మనిషి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలా చూసుకోలేదు. మే నెల. నైట్రోజన్ రావడం ఆలస్యమైంది. క్యాన్ ఎత్తి చూస్తే బరువుగానే ఉంది, చాల్లే అనుకున్నాను. లోపల నైట్రోజన్ ఎంతుందో పుల్ల ముంచి కొలవలేదు. పద్మనాభం మండలం వైపు ఒక పెద్దమ్మ గేదెకు ఆ స్ట్రాలే వేశాను. 21 రోజులకు పొర్లింది, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ పొర్లింది. మూడోసారి ఆమె నన్ను తిట్టలేదు. “బాబూ, నా గేదెకి ఏటైనా రోగమేటి?” అని అడిగింది. అప్పటికే మందులకు డబ్బు పెట్టింది, అమ్మవారికి మొక్కుకుంది. రోగం గేదెకి కాదు, నా క్యాన్‌కి. ఆ మాట ఆమెతో చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. పాలు ఎండిన గేదెను రెండు నెలలు ఊరికే మేపింది ఆ తల్లి.

చచ్చిన స్ట్రా చూడ్డానికి బతికున్న స్ట్రా లాగే ఉంటుంది. అందుకే ఇంత టెన్షన్. మైక్రోస్కోపు లేకుండా దాన్ని పట్టుకోలేం. స్ట్రాలను క్యాన్ మెడ దాటి పైకెత్తి నంబరు వెతుకుతూ నిలబడితే, విశాఖ ఎండకి సెకన్లలోనే లోపల మంచు మారిపోతుంది. తిరిగి ముంచినా పోయిన ప్రాణం రాదు. స్ట్రాలు పెట్టి ఉండే కనిస్టర్‌ని మెడ లోపలే ఉంచి, పట్టకారుతో పది సెకన్లలోపు స్ట్రా తీయాలి. జేబులోనో, చంకలోనో పెట్టి కరిగించొద్దు, దయచేసి. 37 డిగ్రీల నీళ్లు, 30 సెకన్లు. తుడిచి, కత్తిరించి, గర్భంలోకి ఎక్కించే గన్‌లో పెట్టి వెంటనే వేసేయాలి.

రైతులూ, మీ వంతూ ఉంది. గేదె ఎద చాలాసార్లు మూగగా వస్తుంది. అరవదు. తీగల్లా వేలాడే జిగురు చూడండి. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించండి. స్ట్రా కరిగించే నీళ్ల వేడి చూసే థర్మామీటర్ ఏదని మా వాళ్లను అడగండి. అది మీ హక్కు.

ఇప్పుడు గోపాలమిత్రలు ఒక్కొక్కరే ముందుకు రండి. ఈ చెక్క పుల్ల ముంచి తీసి గాలిలో ఊపితే, తెల్లగా మంచు పట్టిన మేర నైట్రోజన్ ఉన్నట్టు. బోలు గొట్టం మాత్రం ముంచకండి, మొహం మీదకి చిమ్ముతుంది. గ్లవ్స్ వేసుకోండి. మూత తీస్తున్నాను, ఎవరైనా వాచీ చూడండి.