పాత సాహిత్య పత్రికల సేకరణ: అట్ట ఊడని సంచిక విలువ

[దృశ్యం: బల్లమీద ఒక బైండు సంపుటం, పక్కన ఒక విడి సంచిక]

నమస్కారం. ఎడమవైపు కనిపిస్తున్నది ‘భారతి’ మాసపత్రిక బైండు సంపుటం, కుడివైపున్నది అదే పత్రిక విడి సంచిక. సేకరణ కొత్తగా మొదలుపెట్టినవారు గట్టి అట్టను, కుదురుగా అమరిన పుటలను చూసి సాధారణంగా సంపుటాన్నే ఎంచుకుంటారు. అంచులు కాస్త నలిగినా సరే, విడి సంచికనే తీసుకోమని నా సలహా.

బైండు చేసేటప్పుడు ముఖపత్రాలనూ ప్రకటనల పుటలనూ తీసేసి, అంచులు కోసి సమం చేయడం చాలాచోట్ల జరిగింది. చదువుకోవడానికి దానివల్ల లోటేమీ ఉండదు గాని, పత్రిక ఏ ఆదాయంతో బతికిందో చెప్పే సాక్ష్యం ఆ పుటలతోనే పోతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం వ్యాపారపు రాబడే, 1908లో పుట్టిన ‘ఆంధ్రపత్రిక’కూ, 1924 జనవరిలో మద్రాసు నుంచి వెలువడిన ‘భారతి’కీ అండగా నిలిచింది. అందుకే ‘భారతి’లో అమృతాంజనం ప్రకటన కనబడితే నేను పుట తిప్పేయను; పక్కనున్న పద్యం అచ్చు కావడానికి అయిన ఖర్చులో ఆ తలనొప్పి మందు వాటా ఉంది.

[దృశ్యం: తొలి పుట దగ్గరగా]

తేదీ విషయంలో జాగ్రత్త అవసరం. ‘భారతి’ తొలి సంచిక రుధిరోద్గారి సంవత్సరం పుష్యమాసానిది. ఆ పేరు అరవై ఏళ్లకు, 1983–84లో మళ్ళీ వచ్చింది. పత్రిక 1991 దాకా నడిచింది. కాబట్టి సంవత్సరం పేరుతో పాటు సంపుటం, సంచిక సంఖ్యలు కూడా రాసుకోవాలి.

[దృశ్యం: రెండు పుటల మధ్య మిగిలిన సన్నని కాగితపు అంచు]

ఇక్కడ చూడండి. రంగుల బొమ్మను నున్నటి కాగితంపై విడిగా అచ్చువేసి సంచికలో అతికించేవారు; ఎవరో దాన్ని, బహుశా పటం కట్టించుకోవడానికి, కత్తిరించుకున్నారు. పుటల సంఖ్యలు వరుసగానే ఉంటాయి కనుక ఈ లోపం లెక్కకు అందదు, కుట్టు దగ్గర వేలితో తడిమితేనే తెలుస్తుంది. అనుమానం తీరకపోతే, 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయంలో అదే సంచిక ఉంటే పోల్చి చూసుకోవచ్చు.

భద్రపరచడం గురించి క్లుప్తంగా చెబుతాను. చౌకరకం కాగితంలో ఉండే ఆమ్లమే దాన్ని పసుపుబార్చి పెళుసుగా మారుస్తుంది. తుప్పుపట్టిన పిన్నులను లాగకుండా, వెనుకవైపు కాళ్లను మెల్లగా లేపి తీసి, దారంతో కుట్టుకోవాలి. చిరుగులకు సెల్లోటేపు మాత్రం వేయవద్దు, దాని జిగురు అక్షరాల్లోకి ఇంకిపోతుంది. పలుచని, ఆమ్లం లేని కాగితాన్ని గోధుమపిండి జిగురుతో అతికించి, పైన బరువు పెట్టి, పూర్తిగా ఆరేవరకు ఆ సంచికను తెరవకండి.