ఇంట్లో చూసుకున్న రీడింగ్... అవతల చూసేదెవరు?

నమస్కారం. ఈ మధ్య ఆరోగ్యం పేరుతో ఏ పరికరం మార్కెట్లోకి వచ్చినా ప్రకటన మాత్రం ఒకే తీరుగా ఉంటోంది. వేలికి ఉంగరం తొడుక్కుంటే చాలు, చేతికి వాచీ కట్టుకుంటే చాలు, గుండె సంగతీ నిద్ర సంగతీ ఇంట్లో కూర్చునే తెలిసిపోతాయంటారు. తెలుస్తాయి, కాదనను. కానీ తెలిసేది ఎవరికి? తెలిశాక వాళ్లేం చేస్తారు? నాకు అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పే రెండు పెద్ద అధ్యయనాలున్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

రెండూ హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద జరిగినవే. హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోవడం అనుకుంటారు చాలామంది. అది కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒంటికి కావలసినంత రక్తాన్ని మాత్రం పంప్ చేయలేకపోతుంది. దాంతో ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది. అయితే చాలాసార్లు ఇవన్నీ బయటపడేలోపే బరువు పెరుగుతుంది. అందుకే డాక్టర్లు వీళ్లని రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకేలాంటి బట్టల్లో బరువు చూసుకుని రాసిపెట్టుకోమంటారు. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగిందంటే అది కొవ్వు అయ్యే అవకాశం తక్కువ, నీరే అయ్యుంటుంది. ఆ రోజే డాక్టర్‌కి చెబితే మందు మోతాదు మార్చి సరిచేయొచ్చు. చూద్దాంలే అని నాలుగు రోజులు ఊరుకుంటే అంబులెన్స్ పిలవాల్సి రావచ్చు.

మామూలు బరువు చూసే మిషన్‌తో అయ్యే పని ఇది. మరి ఆ అంకెని రోజూ దూరాన ఉన్న ఆసుపత్రికి పంపిస్తే?

అమెరికాలో అదే చేసి చూశారు. అధ్యయనం పేరు టెలీ-హెచ్‌ఎఫ్, ఫలితాలు వచ్చింది 2010లో. మొత్తం 1,653 మంది, ఆసుపత్రి నుంచి ఈ మధ్యే ఇంటికి వెళ్లినవాళ్లు. వాళ్లలో సగం మంది రోజూ ఒక నంబరుకి ఫోన్ చేయాలి. అవతల మనిషి ఉండడు, రికార్డు చేసిన గొంతు ఉంటుంది. బరువెంత, ఆయాసం ఉందా అని అది అడిగితే బటన్లు నొక్కి జవాబివ్వాలి. ఆ జవాబుల్ని ఆసుపత్రి సిబ్బంది సెలవులు తప్పించి పనిరోజుల్లో చూస్తారు. ఆరు నెలలు గడిచాక లెక్క తీస్తే, ఫోన్ చేసినవాళ్లకీ మామూలు వైద్యం తీసుకున్నవాళ్లకీ తేడా ఏమీ లేదు. మళ్లీ ఆసుపత్రిలో చేరడాలూ మరణాలూ దాదాపు సమానం. 14 శాతం మందైతే ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. చివరి వారంలో కనీసం మూడుసార్లైనా చేసినవాళ్లు 55 శాతమే. నాకిందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. మెషీన్‌కి రోజూ ఎవరు మాత్రం కబుర్లు చెబుతారు!

రెండోది జర్మనీలో జరిగింది, టిమ్-హెచ్‌ఎఫ్2. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 1,571 మంది రోగులు. ఇందులోనూ కొలిచేవి కొత్తవేం కావు: బరువు, బీపీ, ఈసీజీ, వేలికి పెట్టి చూసే ఆక్సిజన్. తేడా అంతా అవతలి వైపే ఉంది. బెర్లిన్‌లోని షరీటే ఆసుపత్రిలో ఒక కేంద్రం పెట్టి, డాక్టర్లనీ నర్సులనీ 24 గంటలూ కూర్చోబెట్టారు. అంకె తేడాగా కనిపిస్తే వాళ్లే రోగికి ఫోన్ చేసేవాళ్లు, మందు మార్చేవాళ్లు, అవసరమైతే అతని సొంత డాక్టర్‌తో మాట్లాడేవాళ్లు. ఏడాదికి ప్రతి వంద మందిలో మరణాలు మామూలు వైద్యంలో 11కి పైగా ఉంటే, ఇక్కడ 8కి కాస్త తక్కువ. అనుకోకుండా ఆసుపత్రిపాలవడం వల్లో మరణం వల్లో కోల్పోయిన రోజులు ఏడాదికి 24 నుంచి 18కి తగ్గాయి.

రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తిగా న్యాయం కాదు, ఒప్పుకుంటాను. దేశాలు వేరు, రోగులు వేరు. పైగా తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లని జర్మన్లు అసలు చేర్చుకోలేదు. అయినా నాకు అర్థమైంది ఒకటే: రెండు చోట్లా అంకెలు వెళ్లాయి, ఒక చోట మాత్రమే అర్ధరాత్రి కూడా వాటిని చూసే మనిషి ఉన్నాడు.

ఇప్పుడు వాచీల దగ్గరకొద్దాం. 2018లో ఆపిల్ వాచీలో ఈసీజీకి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పక్కనున్న బటన్ మీద వేలుపెట్టి 30 సెకన్లు ఉంటే గుండె లయ నమోదవుతుంది. ఆసుపత్రిలో తీసే ఈసీజీ గుండెని 12 కోణాల్లో చూస్తుంది, ఇది ఒకే కోణంలో చూస్తుంది. లయ తప్పడాన్ని, ముఖ్యంగా గుండె పై గదులు అదుపు తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ని పట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది. గుండెపోటుని మాత్రం పట్టుకోలేదు. ఈ మాట కంపెనీయే రాసింది, మనమే చదవం. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న ఆపిల్ హార్ట్ స్టడీలో నాడి లయ తప్పుతోందన్న హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. వాళ్లలో గుండె లయని నమోదు చేసే ప్యాచ్‌ని ఛాతీకి అంటించుకుని తిరిగి పంపినవాళ్లని పరిశీలిస్తే, ఫిబ్రిలేషన్ కనిపించింది 34 శాతం మందిలో. ఇది వస్తూ పోతూ ఉండే జబ్బు కాబట్టి మిగతావాళ్లకి లేదని చెప్పేయలేం. ఉందనీ చెప్పలేం. ఆ సందిగ్ధంలో పడ్డవాళ్ల టెన్షన్ సంగతి చూడాల్సింది మళ్లీ డాక్టరే.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ కథ ఇంకోలాంటిది. క్లిప్ తెరిచి చూడండి. ఒక వైపు ఎర్ర కాంతి, దాని పక్కనే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. ఎదురుగా సెన్సార్. ఆక్సిజన్ ఉన్న రక్తం ఎర్ర కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది, లేని రక్తం ఎక్కువగా పీల్చుకుంటుంది. నాడి కొట్టినప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే రక్తంలో ఆక్సిజన్ తెలుస్తుందని 1970లలో కనిపెట్టినవాడు జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి. వేలు చల్లబడ్డా, నెయిల్ పాలిష్ ఉన్నా, చెయ్యి వణికినా లెక్క తప్పొచ్చు. ఒంటిరంగు వల్ల కూడా తప్పుతుంది. మిషిగన్ పరిశోధకులు 2020లో రాసింది ఇదీ: మీటర్ 92 నుంచి 96 మధ్య చూపించి, రక్తపరీక్షలో మాత్రం 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతమైతే నల్లవాళ్లలో 11.7 శాతం. రకరకాల ఒంటిరంగులవాళ్ల మీద బాగా పరీక్షించమని ఎఫ్‌డీఏ ముసాయిదా నియమాలు తెచ్చింది 2025 జనవరిలో. ఈలోపు ఎన్ని మీటర్లు అమ్ముడుపోయాయో ఊహించుకోండి.

చక్కెర గురించి ఒక్క మాట. చర్మం కింద సన్నని తీగ ఉండే సెన్సార్లు మంచివే. ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునే రకానికి కూడా అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. కానీ చర్మాన్ని గుచ్చకుండానే చక్కెర చెబుతామనే వాచీలూ ఉంగరాలూ ఉన్నాయి చూశారా, అలాంటి ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అదే ఏడాది ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

మరి మనిషి బదులు ఏఐ చూడకూడదా? కొన్ని చోట్ల చూస్తోంది. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిందా లేదా అని డాక్టర్ లేకుండానే తేల్చే సాఫ్ట్‌వేర్‌కి 2018లోనే అనుమతి వచ్చింది. ప్రశ్న ఒకటే, ఫొటో ఒకటే కాబట్టి అక్కడ నడిచింది. ఆసుపత్రి వార్డులో అంత తేలిక కాదు. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌ని ముందే పసిగడుతుందని అమెరికాలో వందలాది ఆసుపత్రులు వాడిన ఎపిక్ కంపెనీ మోడల్‌ని 2021లో బయటివాళ్లు పరీక్షించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మందిని అది పట్టుకోలేదు. చేరిన రోగుల్లో 18 శాతం మందికి మాత్రం అలారం మోగించింది. రోజంతా అలారాలు మోగుతుంటే ఏ నర్సైనా ఎన్నింటికని పరుగెత్తుతుంది?

చూడాల్సినవాళ్లు చూడకపోవడం ఒక గొడవైతే, చూడకూడనివాళ్లు చూడటం ఇంకో గొడవ. ఫిన్లండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగల చేతికి చిక్కాయి. 2020లో రోగులకి నేరుగా ఈమెయిళ్లు వచ్చాయి: డబ్బివ్వకపోతే నువ్వు థెరపిస్టుకి చెప్పుకున్నదంతా బయటపెడతాం అని. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, బయటికి పోయిన రహస్యాన్ని ఏం చేస్తాం?

అందుకే ఇంటి దగ్గరే పర్యవేక్షణ అంటూ ఎవరైనా కిట్ చేతిలో పెడితే నేనైతే ఇలా అడుగుతాను. రీడింగ్ ఎవరికి వెళ్తుంది? ఆదివారం రాత్రి వెళ్తే ఎప్పుడు చూస్తారు? ఎంత దాటితే ఫోన్ చేస్తారు? రెండు రోజులు నేను పంపకపోతే ఏమైందని అడుగుతారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే, ఆ అంకెలు చూసుకోవాల్సింది నేనే అన్నమాట. అప్పుడు ఏ అంకె దగ్గర ఏం చేయాలో మా డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని మిషన్ పక్కనే అంటించుకుంటాను. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఉన్నట్టుండి మాట తడబడటం లాంటివి ఆ కాగితంలో ఉండక్కర్లేదు. అవి వస్తే వాచీ వైపు చూడకుండా నేరుగా ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి.