తీసెయ్యమనకండి, కుట్టడానికి అవుద్దా అని అడగండి

(రాజోలు దగ్గర ఒక ఊళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీల ముగింపు సభలో ఒక ఫిజియోథెరపిస్టు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారమండి. సర్పంచ్ గారికి, హెడ్మాస్టారు గారికి, పందిరి వేయించిన వాళ్లకి, మైకు చూస్తున్న బాబుకి, పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడే ఉన్న అమ్మలకి, మలికిపురం వైపు నుంచి, అమలాపురం నుంచి, గోదారి దాటి నరసాపురం నుంచి వచ్చిన టీములకి, వాళ్లని బళ్ల మీద తీసుకొచ్చిన నాన్నలకి కూడా నమస్కారం. పండగ పూట నన్ను గుర్తుపెట్టుకుని పిలిచారు, చాలా సంతోషం. పది నిమిషాలు ఆటగాళ్లకి మోకాలి దెబ్బల గురించి చెప్పమన్నారు, చెప్తానండి, కానీ ఆ వెనకాల కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లు కూడా కొంచెం ముందుకొస్తే బాగుంటుంది, మీకు సంబంధించిందే ఎక్కువుంది ఇందులో.

మోకాలంటే తొడ ఎముక వచ్చి కాలి ఎముక మీద కూర్చోవడం. తొడ ఎముక చివర గుండ్రంగా ఉంటది, కింద ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రంది చదును మీద పెడితే ఆనేది చిన్న చోటే, బరువంతా ఆ చిన్న చోటే పడుద్ది. అలా కాకుండా మధ్యలో రెండు ముక్కలున్నాయి, మోకాలి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, నెలవంక ఆకారంలో. అదే మెనిస్కస్. బయటి అంచు మందం, లోపలి అంచు పల్చన, అందుకే గుండ్రానికీ చదునుకీ మధ్య ఖాళీలో సరిగ్గా ఇమిడిపోయి బరువుని నాలుగు వైపులా పంచుతుంది. ఎముకల చివర అంటుకునుండే గుజ్జు వేరు, ఇది వేరు, ఆ గుజ్జుని కాపాడేదే ఇది.

మీద బరువు పడగానే ఈ ముక్క బయటికి జారిపోవాలని చూస్తుంది. జారనివ్వకుండా దాన్లో చుట్టూతా తిరిగిన గట్టి పీచుంటుంది, ఆ పీచు రెండు కొసలూ ముందొకటి వెనకొకటి కింద ఎముకలో పాతుకునుంటాయి. పెద్దాళ్లకి గుర్తుండే ఉంటది, ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించేవాళ్లు, పట్టా బిగువుగా ఉన్నంతకాలం ఎంత లోడేసినా చెక్క విడిపోదు, అదే పట్టా ఒక్కచోట తెగిందంటే మిగతాది ఎంత బాగున్నా పనికిరాదు. మోకాల్లో కూడా అంతేనండి, ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కాలు చాపి నిలబడినప్పుడు మోకాలి మీద బరువులో దాదాపు సగం ఈ ముక్కలే మోస్తాయి. తొంభై డిగ్రీలు వంచితే దాదాపు 85 శాతం. అంటే గొంతుక్కూచున్నప్పుడు, వంగి పని చేసినప్పుడు దీనిమీదే మొత్తం భారం. ఇంకోటి, మోకాలు వంచుతుంటే బయటివైపు ముక్క సుమారు 11 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది, లోపలివైపుది లోపలి లిగమెంటుకి, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే గట్టి పట్టీకి, అతుక్కునుంటది కాబట్టి 5 మిల్లీమీటర్లే. తప్పించుకోలేనిది కాబట్టే లోపలిదే ఎక్కువ చిరుగుద్ది. తమ్ముళ్లూ, కూతకెళ్లినప్పుడు పాదం నేలకి గట్టిగా ఆనించి ఒళ్లు తిప్పుతారు చూడండి, వెనకనుంచి ఇద్దరు మీద పడతారు, పాదం తిరగదు, తొడ ఎముక తిరుగుద్ది, మధ్యలో నలిగేది ఆ ముక్కే.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. 1897లో బ్లాండ్ సట్టన్ అని ఇంగ్లండు సర్జను ఈ ముక్కలు ఏ పనీ లేని పాత కండరాల అవశేషాలు అని రాశాడు. పెద్దాయన అనేసరికి చాలా ఏళ్లు చిరిగిందంటే చాలు మొత్తం పీకేసేవాళ్లు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే డాక్టరు, ముక్క తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేలు ముందేసుకు చూస్తే ఎముకల మధ్య సందు తగ్గిపోతోంది, తొడ ఎముక గుండ్రం చదునైపోతోంది, అంచున గట్టులా ఎముక పెరుగుతోంది. అప్పటికి గానీ అనుమానం రాలేదు. తర్వాత 1986లో చనిపోయినవాళ్ల మోకాళ్ల మీద కొలిచి చూశారు: ముక్క మొత్తం తీసేస్తే ఎముకలు ఆనుకునే చోటు దాదాపు 75 శాతం తగ్గింది, ఒత్తిడి ఎక్కువగా పడే చోట అది 235 శాతం పెరిగింది, అంటే మొత్తం మూడు రెట్లకి పైమాటే. చిరిగిన మేరకే తీస్తే చోటు 10 శాతమే తగ్గింది కానీ ఒత్తిడి మాత్రం 65 శాతం పెరిగింది. కొంచెమే కదా తీశారు అనుకోవడానికి లేదండి, తీసిందానికి తగ్గ రేటు మోకాలు కడుతుంది.

కుట్టడం కొత్త విద్యేం కాదు. 1883లోనే ఎడిన్‌బరోలో ఆనన్‌డేల్ అనే సర్జను కుట్టి చూపించాడు. అన్నీ అతకవు, ఎందుకంటే పెద్దయ్యాక ఈ ముక్కకి బయటి అంచున నాలుగో వంతు మేరకే రక్తం అందుతుంది, అక్కడ చిరిగితే కుట్టు పడుద్ది, మానుద్ది. లోపలి అంచుకి రక్తం లేదు, అక్కడ కుట్టు నిలవడం కష్టం. కాబట్టి ప్రతి చిరుగూ కుట్టించుకోండి అని నేను అనను. వయసు మీద అరుగుదలతో వచ్చిన చిరుగులకి 2013లో ఫిన్లండులో ఒక పరీక్ష చేశారు, కొంతమందికి నిజంగా కత్తిరించారు, కొంతమందికి చేసినట్టు చేసి ఊరుకున్నారు, ఏడాది తర్వాత చూస్తే ఇద్దరికీ తేడా లేదు! అలాంటి వాళ్లకి తొడ కండరాలకి ఎక్సర్‌సైజులే ముందు. మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకండి.

కత్తిరిస్తే నెలా నెలన్నరలో మళ్లీ కోర్టులోకి దిగొచ్చు. కుడితే వారాలపాటు కర్రల సాయం, నాలుగు నుంచి ఆరు వారాలు తొంభై డిగ్రీలు దాటి వంచకూడదు, ఆటకి నాలుగైదారు నెలలు. ఇది వినగానే మన కుర్రాళ్లు తీసెయ్యండి సార్ పై నెల టోర్నమెంటుంది అంటారు. బాబూ, నీకు ఇరవై ఏళ్లు, ఆ మోకాలితో ఇంకా యాభై ఏళ్లు నడవాలి నువ్వు.

ఇంకా రీహాబ్ గురించి, అంటే దెబ్బ తర్వాత కాలిని మళ్లీ దారిలోకి తెచ్చుకోవడం గురించి, చెప్దామనుకున్నాను గానీ, ఆడవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారు, మా పిన్ని సంగతి చెప్పకుండా దిగలేనండి.

మా పిన్ని ఊడ్పులకెళ్లేది. సార్వా రోజులు, దమ్ము చేసిన చేలో పిక్కల దాకా బురద. వంగి ఊడుస్తా ఊడుస్తా చేతిలో ఆకు అయిపోయి, వెనకున్న కట్ట అందుకుందామని అలానే వంగి నడుం తిప్పింది, బురదలో దిగబడ్డ పాదం తిరగలేదు. మోకాలి వెనకాల టప్‌మని చప్పుడొచ్చింది. పక్కన ఎవరో పుల్ల విరిచారేమోనని వెనక్కి తిరిగి చూసిందట. ఆ తర్వాత అడుగు పడలేదు, ఇద్దరు పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టారు. పడలేదు, దెబ్బ తగల్లేదు, ఏం జరిగిందో ఎవరికీ తెలీలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు. ఎక్స్‌రేలో మెనిస్కస్ కనపడదండి, అది కనపడాలంటే ఎం.ఆర్.ఐ. స్కానింగ్ కావాలి. వయసమ్మా, గుజ్జు అరిగింది, మామూలే అని ఇంజక్షను చేసి బిళ్లలిచ్చి పంపించారు. టప్‌మంది డాక్టరు గారూ అని పిన్ని చెప్తూనే ఉంది, రెండుసార్లు చెప్పింది, ఆ మాట ఎవరూ కాగితం మీద రాయలేదు. నాకిప్పటికీ మింగుడుపడనిది అదేనండి. అంత స్పష్టంగా చెప్పే పేషెంటు ఎక్కడ దొరుకుతారు? ఎక్కడ, ఎప్పుడు, ఏ వంపులో, ఏ చప్పుడు, అన్నీ చెప్పింది ఆవిడ.

అది రూట్ టియర్. ఇందాక చెప్పిన పీచు కొస, వెనకవైపు ఎముకలో పాతుకున్న చోట ఊడిపోయింది. పట్టా తెగింది. ముక్క అంతా లోపలే ఉంది, ఎవరూ కొయ్యలేదు, కానీ బరువు పడ్డప్పుడల్లా పక్కకి జారిపోతుంది. 2008లో ల్యాబులో కొలిచి చెప్పారు, ఈ వెనక కొస ఊడితే మోకాలి మీద పడే ఒత్తిడి, ముక్క మొత్తం తీసేసినంత. అదే కొసని మళ్లీ ఎముకకి బిగిస్తే ఒత్తిడి మామూలు స్థాయికి వచ్చేసింది. వింటున్నారా అమ్మా, బిగిస్తే వచ్చేసింది! గుజ్జు ఇంకా బాగున్నప్పుడు చెయ్యాలి అది, చేశాక ఆరు వారాలపాటు ఆ కాలు మీద బరువు వెయ్యకుండా ఉండాలి.

పిన్ని నొప్పి బిళ్లలేసుకుని దాళ్వా ఊడ్పులకి కూడా వెళ్లింది. ఏడాది తిరిగేసరికి కాలు దొడ్డిగా వంగింది. లోపలివైపు గుజ్జు అరిగే కొద్దీ కాలు వంగుద్ది, వంగే కొద్దీ బరువు ఇంకా లోపలివైపే పడుద్ది, ఇక అది ఆగదు. అప్పుడు వేరేచోట ఎం.ఆర్.ఐ. తీస్తే కొస ఊడిన సంగతి బయటపడింది, అప్పటికి బిగించడానికి గుజ్జు మిగల్లేదు. మోకాలు మార్పించాం. నడుస్తోంది, నొప్పి లేదు, దేవుడి దయ. కానీ పీట మీద కూర్చుని కూర తరగలేదు, వ్రతానికి కింద కూర్చోలేదు, చేలోకి మళ్లీ దిగలేదు.

నడివయసు ఆడవాళ్లలో, కింద కూర్చుని లేచే అలవాటున్న మనలాంటి వాళ్లలో ఈ రకం ఎక్కువ. ఇప్పుడు దాళ్వా ఊడ్పులు నడుస్తున్నాయి, రేపు కనుమ వెళ్లగానే మళ్లీ చేలోకి దిగుతారు మీరంతా. మోకాలి వెనకాల చప్పుడొచ్చి ఆ తర్వాత మెట్లు ఎక్కలేకపోతే, గొంతుక్కూచోలేకపోతే, వయసు అని ఎవరన్నా ఊరుకోకండి. రూట్ ఊడిందా అండి, ఎం.ఆర్.ఐ. రాస్తారా అని నోరు తెరిచి అడగండి. ముఠా మేస్త్రులు కూడా ఇక్కడున్నారు, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను, కుంటుతున్న మనిషిని ఇంటికి పంపించండి, కానీ ముఠాలోంచి పేరు తీసెయ్యకండి, ఆ భయానికే వాళ్లు నొప్పి దాచుకుంటున్నారు. సర్పంచ్ గారూ, ఆపరేషనైన మనిషికి ఆ ఆరు వారాలూ ఇల్లు గడిచే దారి ఏదైనా పంచాయతీ తరఫున చూడగలరేమో కూర్చుని మాట్లాడదాం, రేపే మాట్లాడదాం.

టైమైపోయిందని చీటీ పంపారు, చూశాను. కప్పులు ఇచ్చేశాక నేను స్కూలు అరుగు మీద కూర్చునుంటాను, చీకటి పడేదాకా ఉంటాను. కుర్రాళ్లు తర్వాత, ముందు ఆడవాళ్లు రండి. పాత ఎక్స్‌రే, స్కానింగ్ ఏదుంటే అది పట్టుకురండి, ఏమీ లేకపోయినా రండి, ఆ చప్పుడు ఎప్పుడొచ్చిందో నాకు చెప్పండి, నేను రాసుకుంటాను.