మోకాలికి మూలికల పట్టీ: మంట పైన, మందు ఎక్కడ?

యాంకర్: నమస్కారం. మెడికల్ షాపు కౌంటర్ మీద, ఫోన్లో వీడియోల మధ్య, ఈమధ్య ఎక్కడ చూసినా మోకాళ్ల నొప్పులకు హెర్బల్ ప్యాచ్‌లే. ఒకటి తెచ్చాను. (కవరు చింపుతూ) అబ్బ, స్టూడియో అంతా గుప్పుమంది!

ఆర్థోపెడిక్ డాక్టర్: మా ఓపీ అంతా ఇదే వాసనండి. పేషెంట్ గుమ్మంలో ఉండగానే తెలిసిపోతుంది.

యాంకర్: సూటిగా అడుగుతాను. ఇది పనిచేస్తుందా?

డాక్టర్: ఏ పని? నొప్పి కాసేపు తగ్గించడమా, అరిగిన గుజ్జు మళ్లీ పుట్టించడమా? మొదటిది కొంతమందికి చేస్తుంది. రెండోది ప్యాచ్ సంగతి అటుంచండి, ఇవాళ ఏ మాత్రా చెయ్యలేదు. కవరు మీద మాత్రం 'కార్టిలేజ్ పునరుద్ధరణ' అని అచ్చేశారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆయుర్వేద వైద్యురాలు: ఆ మాటను నేనూ సమర్థించను. కానీ లోపలున్నవి మనకు కొత్తవి కావు. (కవరు తిప్పి చదువుతూ) పుదీనా పువ్వు, కర్పూరం, వాము పువ్వు. మూడూ పొడి పలుకులే. ఒక సీసాలో వేసి ఊపితే చుక్క నీళ్లు లేకుండానే కరిగి నూనెలా అయిపోతాయి. ఇళ్లలో అమృతధార అని దాచుకునేవాళ్లే, అదే. దానికి గంధపుర తైలం, మిరప సారం కలిపి గుడ్డకు పూశారు. మా అమ్మమ్మ వావిలాకు వెచ్చచేసి, ఆముదం రాసి మోకాలికి కట్టేది. దానికి జిగురు తోడైందనుకోండి.

యాంకర్: చర్మం మీద అంటించింది కీలులోకి ఎలా వెళ్తుంది?

ఫార్మకాలజీ ప్రొఫెసర్: చాలావరకు వెళ్లదు, వెళ్లక్కర్లేదు కూడా. చర్మం పై పొర వెంట్రుక కన్నా పల్చన, కానీ గట్టి కాపలాదారు. అణువుల బరువుని డాల్టన్లలో కొలుస్తాం. 500 డాల్టన్లు దాటిన అణువుని తేలిగ్గా లోపలికి రానివ్వదు. పుదీనా పువ్వు, అదే మెంథాల్, 156; మిరపలోని క్యాప్సైసిన్ 305. ఇవి దూరతాయి. కవరు మీద ఇరవై మూలికల పేర్లున్నా, నన్నడిగితే పని చేసేవి ఇలాంటివి రెండో మూడో. దూరినవి కూడా చర్మంలోని నరాల చివర్ల దగ్గరే పని కానిచ్చేస్తాయి. మిరప మంటను, నిజమైన వేడిని మన నరం ఒకే ద్వారం గుండా గుర్తిస్తుంది. ఆ ద్వారాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. రోజూ మంట తగిలితే నరం విసిగిపోయి నొప్పి కబురు పంపడం తగ్గిస్తుంది. అందుకే క్యాప్సైసిన్ ఒక్క పూటలో తేలే మందు కాదు, వారాలు పడుతుంది. అంటించగానే హాయిగా అనిపించేది మెంథాల్ చల్లదనం.

యాంకర్: అయితే గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు మోకాళ్ల నొప్పులే రాకూడదు!

డాక్టర్: బస్తాలు మోసీ మోసీ వాళ్లకే ముందొస్తాయండి. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ వాళ్లు 2013లో పైపూత మూలికల ట్రయల్స్ అన్నీ పరిశీలించారు. ఆర్నికా, కాంఫ్రే అనే మొక్కల జెల్‌లు ఫర్వాలేదన్నారు, మిరప జెల్‌తో పెద్ద తేడా లేదన్నారు. 2019 అమెరికన్ రుమటాలజీ, అంటే కీళ్లవ్యాధుల నిపుణుల, మార్గదర్శకాలు మోకాలికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు పైపూతను గట్టిగా సిఫారసు చేసి, క్యాప్సైసిన్‌కు షరతులతో సరేనన్నాయి.

వైద్యురాలు: ఆ ట్రయల్స్‌లోనూ ఒక చిక్కుంది డాక్టరు గారూ. పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి పూత మండదు, వాసన రాదు. తనకేది రాశారో పేషెంట్‌కి తెలిసిపోతే ఇక పోలికేముంది?

డాక్టర్: ఒప్పుకుంటాను. ఆ చిక్కు మీ ప్యాచ్‌ల గొప్పలకూ వర్తిస్తుంది.

యాంకర్: తెనాలి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం బాబూ. నాకు అరవై రెండు. రాత్రి ప్యాచ్ అంటించుకుని, ఇంకాస్త లాగుతుందని పైన వేణ్నీళ్ల బ్యాగ్ పెట్టుకున్నా. తెల్లారేసరికి బొబ్బ. షాపతనేమో మూలికలేనమ్మా, సైడ్ ఎఫెక్టులుండవన్నాడు.

ప్రొఫెసర్: మిరపకాయా మూలికేగా అమ్మా! ప్యాచ్ మీద వేడి పెట్టకూడదు, బిగించి కట్టకూడదు. మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ ఉన్న పైపూతలతో అరుదుగా చర్మం కాలుతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది. బొబ్బ చిదమకండి, డాక్టర్‌కి చూపించండి. మానేదాకా ప్యాచ్ జోలికి వెళ్లొద్దు. ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా?

కాలర్: మా ఆయన రెండు మోకాళ్లకీ వేసుకుంటున్నారు. గుండె వాల్వు ఆపరేషనైంది ఆయనకి.

ప్రొఫెసర్: రక్తం పల్చబడే మందు, వార్ఫరిన్ లాంటిది, వాడుతున్నారా?

కాలర్: ఆ, రోజూ వేసుకుంటారు. నెలనెలా రక్తపరీక్ష కూడా చేయిస్తాం.

ప్రొఫెసర్: అయితే ఆయన ప్యాచ్‌లు ఇప్పుడే తీయించండి. ఇలాంటి ప్యాచ్‌ల ఘాటులో గంధపుర తైలం ఉంటుంది. అందులోని మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. చర్మం గుండా రక్తంలోకి వెళ్లి ఆ మందు ప్రభావాన్ని పెంచుతుంది. నెల తిరిగేదాకా ఆగకండి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఆ ఐఎన్‌ఆర్ పరీక్ష రేపే చేయించండి. గుండె డాక్టర్‌కి ప్యాచ్ సంగతి చెప్పండి.

కాలర్: అయ్యో, ఇది మందు కింద లెక్కని తెలియక ఆయనకెప్పుడూ చెప్పలేదండి.

వైద్యురాలు: అది మా వైపు తప్పు కూడా. మూలిక అనగానే మందు కాదన్నట్టు అమ్ముతున్నారు. కవరు మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఏయే పదార్థాలున్నాయో లేకపోతే నేను కూడా ముట్టుకోను.

ఫిజియోథెరపిస్ట్: నన్నొక్క మాట అడగనివ్వండి. అమ్మా, ప్యాచ్ వేసుకున్నాక నొప్పి తగ్గిన ఆ రెండు మూడు గంటలూ ఏం చేసేవారు?

కాలర్: ఏముంది, కాలు చాపుకుని సీరియల్ చూసేదాన్ని.

ఫిజియోథెరపిస్ట్: నా బాధంతా అదే. నొప్పి తగ్గిన ఆ కాసేపే తొడ కండరానికి పని చెప్పే అవకాశం. శరీరం బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అంత పని ఏ పట్టీ చేస్తుంది? ఇప్పుడు కుర్చీలో కూర్చున్నారా?

కాలర్: మంచం మీదున్నా.

ఫిజియోథెరపిస్ట్: కుర్చీలోకి రండి. వీపు ఆనించండి. బొబ్బ లేని కాలు మెల్లగా ముందుకు చాపి, అలాగే ఆపండి. పదిదాకా లెక్కపెట్టండి.

కాలర్: ఒకటి... రెండు... మూడు... నాలుగు... బాబూ, తొడ వణుకుతోంది.

ఫిజియోథెరపిస్ట్: మోకాలు నొప్పిగా ఉందా?

కాలర్: లేదు, తొడే.

ఫిజియోథెరపిస్ట్: అయితే వణకనివ్వండమ్మా. ఐదు చెప్పండి.