మస్కట్‌లో మా కొత్త బండి: కొండకూ ఇసుకకూ ఏది నిలుస్తుంది?

అందరికీ నమస్కారం. మస్కట్‌కు వచ్చిన ఏడేళ్ల తరువాత మేము పాత బండిని అమ్మి, కొండదారులనూ ఇసుకనూ తట్టుకునే మరో బండిని కొన్నాము. కొత్తగా ఒమన్‌కు వచ్చే మనవాళ్లకు పనికి వస్తుందని, దాన్ని ఎలా ఎంచుకున్నామో ఈరోజు వివరంగా చెబుతున్నాను.

గత శీతాకాలంలో బిదియా ఊరు దాటి షర్కియా ఎడారి ఇసుకలోకి వెళ్లినప్పుడు, మా పాత క్రాసోవర్ (కారులాంటి తేలికపాటి ఎస్‌యూవీ) అరకిలోమీటరు కూడా పోకముందే గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక దీపం వెలిగించి ఆగిపోయింది. వెనుక సీట్లో పిల్లలు, చేతిలో రెండు సీసాల నీళ్లు. ఒక బెదూయిన్ (ఎడారి తెగ) పెద్దాయన తన పికప్‌కు తాడు కట్టి మమ్మల్ని బయటికి లాగారు. నాలుగు చక్రాలకూ శక్తి అందినంత మాత్రాన సరిపోదని, లో రేంజ్ గేరు ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) తప్పనిసరి అని నాకు ఆరోజే అర్థమైంది. ఆ గేరులో చక్రం నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది కాబట్టి ఇంజన్ మీదా గేర్‌బాక్స్ మీదా ఒత్తిడి తగ్గుతుంది.

కొండ దిగేటప్పుడు కూడా అదే గేరు కాపాడుతుంది. జబల్ అఖ్దర్ పర్వతం మీద సైక్ పీఠభూమి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది, దారి అంతా చక్కని తారు రోడ్డు. అయినా కొండ కింది బర్కత్ అల్ మౌజ్ ఊరి దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను మాత్రమే పైకి పంపిస్తారు. ఆ వాలులో బ్రేకును తొక్కిపట్టుకుని దిగితే అది కాగిపోయి పట్టు కోల్పోతుంది, అందువల్ల తక్కువ గేరులో ఇంజనే బండిని ఆపుతూ దిగాలి.

మేము ఫార్చ్యూనర్, పజెరో, ప్రాడో చూశాము. మూడూ గట్టి బండ్లే. పజెరో నాకు ఎంతో ఇష్టమైనా దాని తయారీ 2021లో ఆగిపోయింది, పదేళ్లు ఉంచుకోవాలనుకున్న మాకు అది వెనకడుగు వేయించింది. ఫార్చ్యూనర్‌లో ఫోర్ వీల్‌ను పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. ప్రాడోలో నాలుగు చక్రాలూ ఎప్పుడూ పనిచేస్తాయి, మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంటుంది కాబట్టి తారు నుంచి గులకరాళ్లకు మారేటప్పుడు ఏ మీటా నొక్కనక్కర్లేదు. చివరికి 4.0 లీటర్ల వీ6 ఇంజన్ ఉన్న, వాడిన ప్రాడోను తీసుకున్నాము. ఊరికి దూరంగా బండి ఆగితే దాని భాగాలు తెలిసిన మెకానిక్ దగ్గరలో ఉన్నాడా అన్నదే నా మొదటి ప్రశ్న, ఇక్కడ ఈ బండి పని తెలియని గ్యారేజీ అరుదు.

వాడిన బండి కొనేవారు ఒకటి గమనించాలి. అమెరికాలో ప్రమాదానికో వరదకో గురైన బండ్లు బాగుచేయబడి గల్ఫ్‌కు చేరుతుంటాయి, వాటి రేడియేటరు, ఏసీ ఈ ఎండను ఉద్దేశించి చేసినవి కావు. అందుకే ముల్కియాతో (బండి రిజిస్ట్రేషన్ కార్డు) పాటు బండి మొదట ఏ దేశానికి తయారైందో అడిగి తెలుసుకోవాలి.

మీటరులోని కిలోమీటర్ల కన్నా బండి అడుగుభాగం ఎక్కువ నిజం చెబుతుంది. మస్కట్‌లోని వాదీ కబీర్ ప్రాంతంలో ఒక గ్యారేజీలో పైకెత్తించి చూస్తే, మేము దాదాపు ఖాయం చేసుకున్న ఒక బండి డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంది. అంటే లోపలికి నీరు చేరింది, లోతైన వాదీలో నడిపి ఉంటారు. వాదీ అంటే మన వాగే, వాన పడ్డ అరగంటలో గోడలా నీరు వస్తుంది, పారుతున్న వాదీలోకి బండి దించడం ఇక్కడ చట్టప్రకారం నేరం కూడా. ఆ బండిని వదిలేశాము. ఛాసిస్ మీద రాళ్ల గీతలను, సముద్రతీరంలో నడిపినందువల్ల పట్టే తుప్పును, ఇరుసుల రబ్బరు తొడుగుల చిరుగులను కూడా అక్కడే చూసుకోవాలి.

టైరు పక్కభాగం మీద DOT అని మొదలయ్యే కోడ్‌లోని చివరి నాలుగు అంకెలను నేను ఇదివరకు పట్టించుకునేదాన్ని కాదు. 2319 అని ఉంటే అది 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. గీతలు లోతుగా కనిపించినా ఈ ఎండకు రబ్బరు లోలోపల గట్టిపడిపోతుంది, కనుక బండి కొన్న రోజే ఐదు టైర్లూ మార్పించాము, స్పేర్‌తో సహా.

ఇప్పుడు మళ్లీ బిదియాలోనే, తారు రోడ్డు ముగిసే చోట ఆగాము. మావారు ఒక్కో చక్రంలో గాలిని 18 పీఎస్ఐకి తగ్గిస్తున్నారు, అప్పుడే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తిరిగి నింపడానికి కంప్రెసర్ వెనుక ఉంది, తాడు ఉంది, పార ఉంది, ఇరవై లీటర్ల నీళ్లున్నాయి. తోడుగా మరో బండి కూడా వచ్చింది.