కొత్త పట్టీ కట్టే ముందు

శ్రోతలకు నమస్కారం.

వనస్పతి ఏ కంపెనీదైనా మనం డాల్డా అన్నట్టే, అమెరికాలో చాలాకాలం చేతికి కట్టుకొని అడుగులు లెక్కపెట్టే పట్టీని ఎవరు తయారుచేసినా ఫిట్‌బిట్ అనేవారు. అక్కడి పిల్లలు పంపిన ఆ పట్టీ కట్టుకొని సాయంత్రం పూట పార్కులో చుట్లు కొట్టే తల్లిదండ్రులు మన ఊళ్లలోనూ తక్కువేమీ లేరు. అంత పేరున్న పట్టీని ఇప్పుడు విప్పి పక్కన పెడుతున్నవారు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎందరికో పట్టీ ఇంకా బాగానే పనిచేస్తోంది. పోయింది తయారుచేసినవారి మీద నమ్మకం. అలాంటప్పుడు దాని స్థానంలో ఏం కొనాలి, ఏం చూసి కొనాలి అన్నదే ఈనాటి ప్రసంగం.

ముందు ఆ నమ్మకం ఎలా పోయిందో చూద్దాం. జేమ్స్ పార్క్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు 2007లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిట్‌బిట్ కంపెనీని మొదలుపెట్టారు. 2009లో వచ్చిన తొలి పరికరం చేతికి కట్టుకునేది కూడా కాదు, నడుముకో జేబుకో తగిలించుకునే చిన్న క్లిప్పు. మణికట్టు మీదికి వచ్చాక మొదటి దెబ్బ 2014లో తగిలింది. ఫోర్స్ అనే పట్టీ కట్టుకున్న కొందరికి దాని కింద చర్మం ఎర్రబడి దద్దుర్లు లేచాయి. కంపెనీ సరుకు వెనక్కి తీసుకొని డబ్బు ఇచ్చేసింది. జనం క్షమించారు. మరుసటి ఏడాదే కంపెనీ షేర్లు న్యూయార్క్ మార్కెట్‌లోకి వచ్చాయి.

రెండో దెబ్బ అంత తేలిగ్గా మానలేదు. అయానిక్ అనే వాచీ బ్యాటరీ వేడెక్కి చేతులు కాలుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2022 మార్చిలో దాన్ని వెనక్కి పిలిచే నాటికి ఒక్క అమెరికాలోనే కనీసం 115 ఫిర్యాదులు, 78 కాలిన గాయాలు నమోదయ్యాయి. అక్కడ అమ్ముడైనవి దాదాపు 10 లక్షలు. కొన్నవారికి 299 డాలర్ల చొప్పున తిరిగి ఇస్తామన్నారు. సంగతి అంతటితో ఆగి ఉంటే ఫోర్స్ లాగే దీన్నీ మరిచిపోయేవారేమో. కానీ 2025 జనవరిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం మరో మాట బయటపెట్టింది. గాయాల సంగతి తెలిసి కూడా కంపెనీ చట్ట ప్రకారం తమకు వెంటనే చెప్పలేదని. అందుకు కోటీ 22 లక్షల 50 వేల డాలర్ల జరిమానా కట్టడానికి ఫిట్‌బిట్ ఒప్పుకుంది. లోపం ఎవరి సరుకులోనైనా రావచ్చు. వచ్చిందని తెలిసీ నోరు మెదపకపోవడాన్ని మాత్రం కొన్నవాడు మరిచిపోడు.

ఈలోగా కంపెనీ చేతులు మారింది. 210 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2019 నవంబరులో గూగుల్ ప్రకటించింది. కొనుగోలు పూర్తయింది 2021 జనవరిలో. ఆ మధ్య ఏడాదికి పైగా కాలం ఐరోపా సంఘం వారి విచారణలతో గడిచింది. ప్రకటనల వ్యాపారం చేసే కంపెనీకి కోట్లమంది గుండె చప్పుడు, నిద్ర వేళలు అప్పగించడమా అన్నది వారి సందేహం. చివరికి, ఐరోపా వాసుల ఆరోగ్య సమాచారాన్ని పదేళ్లపాటు ప్రకటనలకు వాడకూడదన్న షరతు మీద అనుమతి ఇచ్చారు. ఐరోపావాళ్లు అడిగి షరతు రాయించుకున్నారు. మనం అలాంటిది రాయించుకోలేదు.

ఇంతా చేసి, మామూలు మనుషులను ఎక్కువగా నొప్పించినవి చాలా చిన్న సంగతులు. ఆ యాప్‌లో వారం వారం నడక పోటీలు ఉండేవి. డాలస్‌లో ఉన్న కూతురు, హైదరాబాద్‌లో ఉన్న తల్లి, పుణేలో ఉన్న పిన్ని ఒకే పట్టికలో కనిపించేవారు. సోమవారం మొదలయ్యే పోటీలో శుక్రవారం రాత్రి భోజనమయ్యాక కూడా ఎవరో ఒకరు వరండాలో పచార్లు చేసి, పట్టికలో ఒక మెట్టు పైకెక్కి పడుకునేవారు. యోసెమిటీ లోయ బాటల ఫొటోలు చూస్తూ, నడిచిన అడుగులతో ఆ దారి పూర్తిచేసే ఆట ఒకటి ఉండేది. 2023 మార్చిలో ఇవన్నీ తీసేశారు. మరుసటి ఏడాది, కంప్యూటర్‌లో పెద్ద తెర మీద పాత లెక్కలు చూసుకునే పేజీ కూడా మూసేశారు. తర్వాత, పాత ఖాతాలన్నీ గూగుల్ ఖాతాలోకి మారాల్సిందే, లేకపోతే సమాచారం పోతుందన్నారు. ఆ గడువును మాత్రం పొడిగిస్తూ వచ్చారు.

చేతికున్న పట్టీ అదే. దానికి డబ్బు కట్టిందీ మనమే. కానీ కొన్న రోజున అది చేసిన పనులు ఇప్పుడు చేయదు. మన తాతల కాలంలో ఇలాంటి వస్తువు లేదు. హెచ్‌ఎంటీ గడియారం కొంటే, ఆ ఫ్యాక్టరీ మూతపడినా గడియారం టైము చూపిస్తూనే ఉంది. ఈ పట్టీలో సగం మన చేతి మీద ఉంటే, మిగతా సగం ఎక్కడో కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. ఆ రెండో సగాన్ని మనకు ఎవరూ అమ్మలేదు.

అందుకే, నమ్మకం పోయినవారు వెంటనే వేసే ప్రశ్న, అంటే ‘మరి ఏ కంపెనీని నమ్మవచ్చు?’ అన్నది, నా దృష్టిలో అంత పనికొచ్చే ప్రశ్న కాదు. జాబోన్ అనే కంపెనీ 2011లో తెచ్చిన అప్ పట్టీ తరచూ పాడైపోతుంటే, పట్టీ మీ దగ్గరే ఉంచుకోండి, డబ్బు తీసుకోండి అంది. అంత పెద్ద మనసు చూపిన కంపెనీ 2017లో దివాలా తీసింది. దాని పట్టీకి తెర లేదు, లెక్కలన్నీ యాప్‌లోనే. కంపెనీ తర్వాత యాప్ కూడా ఆగిపోతే చేతిమీద మిగిలింది రబ్బరు ముక్క. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ కూడా తన పట్టీకి సంబంధించిన సేవలను 2019 మేలో ఆపేసింది, అప్పటికీ వాడుతున్నవారికి కొంత డబ్బు తిరిగి ఇచ్చింది. అమెజాన్ తెచ్చిన హేలో 2020లో వచ్చి 2023లో పోయింది. చిన్న కంపెనీ అయితే మునుగుతుంది, పెద్ద కంపెనీ అయితే విసుగొచ్చి వదిలేస్తుంది. మంచితనం చూసి కొన్నా, పరిమాణం చూసి కొన్నా భరోసా లేదు.

నేనైతే ఇలా అడుగుతాను: రేపు ఆ కంపెనీ లేకపోతే, ఈ పట్టీ నాకు ఏం చేసిపెడుతుంది?

దీనికి మంచి జవాబు ఒక చెడ్డ రోజున దొరికింది. 2020 జులైలో వాచీలు తయారుచేసే గార్మిన్ కంపెనీ మీద సైబర్ దాడి జరిగి, దాని సర్వర్లు కొన్ని రోజులపాటు స్తంభించిపోయాయి. యాప్ తెరిస్తే ఏమీ రాదు. పరుగు పందేలకు సాధన చేసేవారు గగ్గోలు పెట్టారు. అయితే వాచీలు మాత్రం ఎప్పటిలాగే దూరం, సమయం, నాడి కొలుస్తూనే ఉన్నాయి. తెలిసినవారు ఏం చేశారంటే, ఛార్జింగ్ తీగతో వాచీని కంప్యూటర్‌కు తగిలించారు. అందులో ఆ రోజు పరుగు ఒక ఫైలుగా కూర్చొని ఉంది. దాన్ని కాపీ చేసుకొని వేరే చోట వేసుకున్నారు. కంపెనీ మూగబోయినా లెక్క పోలేదు. గార్మిన్ మచ్చలేనిదని నేను అనడం లేదు. 2025 మార్చిలో అది కూడా నెలవారీ చందా ఒకటి మొదలుపెట్టింది. పాత సదుపాయాలు ఉచితంగానే ఉంటాయని చెప్పినా, వాడుతున్నవారు అనుమానంగానే చూశారు. వాళ్ల అనుమానం అన్యాయమని నేను అనలేను.

చందా సంగతి వచ్చింది కాబట్టి రెండు మాటలు. వూప్ అనే పట్టీ చందా ఆగితే పనిచేయదు. ఫిన్లాండ్ వారి ఔరా ఉంగరానికి తొలి రోజుల్లో చందా లేదు, 2021లో మూడో తరం ఉంగరంతో అది మొదలైంది. నెలకు ఎంతో చిన్న మొత్తమే. మూడేళ్లకు లెక్క కట్టి, పట్టీ ధరకు కలిపి, ఆ మొత్తం చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఇక మన బజారులో రెండు వేల రూపాయల లోపు దొరికే పట్టీలు. వీటిని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. అడుగులు లెక్కపెట్టడానికి కావలసిన సెన్సరు ఖరీదైనదేమీ కాదు, చవక పట్టీ కూడా ఆ పని సరిగానే చేస్తుంది. చూడాల్సింది యాప్‌ను. దుకాణంలోనే, లేదా పెట్టె విప్పిన రోజునే, ఫోనులో యాప్ ఎక్కించి అది ఏ అనుమతులు అడుగుతోందో చదవండి. కాస్త పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికే స్థానం అనుమతి కావాలి, కాబట్టి అది అడగ్గానే దొంగ అనుకోనక్కర్లేదు. ఎవరు ఫోన్ చేస్తున్నారో పట్టీ తెర మీద చూపాలంటే మన ఫోనులోని పేర్ల జాబితా కావాలి. ఆ సదుపాయం మీకు అక్కర్లేకపోతే, వద్దు అని నొక్కండి. వద్దన్నందుకు అడుగుల లెక్క కూడా చూపనని మొరాయించే యాప్ అయితే, ఆ పట్టీని తిరిగి ఇచ్చేయడం మేలు.

తర్వాత ఇంకో చిన్న పరీక్ష. ఫోనులో ఇంటర్నెట్ ఆపేయండి, బ్లూటూత్ మాత్రం ఉంచండి. నాలుగు అడుగులు నడిచి యాప్ తెరవండి. లెక్క మారిందా? మారితే, పట్టీకీ ఫోనుకూ మధ్య పెద్దమనిషి అవసరం లేదన్నమాట. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే, మీ అడుగులు ముందు ఎక్కడికో ప్రయాణం చేసి మీ దగ్గరికి తిరిగొస్తున్నాయన్నమాట.

సాంకేతిక విషయాల మీద కొంచెం ఆసక్తి ఉన్నవారికి మరో దారి ఉంది. గాడ్జెట్‌బ్రిడ్జ్ అని ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒక ఉచిత యాప్ ఉంది. స్వచ్ఛందంగా కలిసి పనిచేసేవారు రాసినది. షావోమీ వారి ‘ఎంఐ బ్యాండ్’, అమేజ్‌ఫిట్ వంటి ఎన్నో పట్టీలతో అది నేరుగా మాట్లాడుతుంది, సమాచారాన్ని ఎక్కడికీ పంపదు. మొదటిసారి అమర్చుకోవడం కాస్త తలనొప్పి, ఇంట్లో ఇంజనీరింగ్ చదివే మనవడో మనవరాలో ఉంటే ఒక పూట పని. పెబుల్ వాచీల కథ కూడా ఇలాంటిదే. 2016లో ఆ కంపెనీ సరంజామాను కొనుక్కొని మూతవేసింది సాక్షాత్తు ఫిట్‌బిట్టే. వాడుకునేవారు మాత్రం తామే సర్వర్లు పెట్టుకొని ఏళ్లపాటు ఆ వాచీలను బతికించుకున్నారు. చివరికి 2025 జనవరిలో గూగుల్ ఆ వాచీ లోపలి సాఫ్ట్‌వేర్‌ను అందరికీ తెరిచి పెట్టింది.

ఇప్పుడు అంకెల గురించి. కొత్త పట్టీ కట్టిన మొదటి వారం చాలామంది కంగారు పడతారు. పాతది రోజుకు ఎనిమిది వేలు చూపేది, కొత్తది ఏడు వేలే చూపుతోంది అని. రెండూ అంచనాలే. పట్టీ తిప్పి చూస్తే కింద ఆకుపచ్చ దీపం మిణుకుమంటూ కనిపిస్తుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింద రక్తం పొంగి, తిరిగొచ్చే వెలుతురు రవ్వంత తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నాడి చెబుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి బాగా ఊగినా లెక్క తప్పుతుంది. కూర్చున్నప్పటి నాడిని మీరే సరిచూసుకోవచ్చు: బొటనవేలు వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, నిమిషం పాటు లెక్కపెట్టండి.

ఖర్చయిన కేలరీలంటూ చూపే అంకెను మాత్రం అసలు పట్టించుకోకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు పరికరాలను పరీక్షించారు. నాడి విషయంలో ఆరు పరికరాలు 5 శాతం తేడా లోపే ఉన్నాయి. కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది సగటున 27 శాతం, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం తప్పింది. ఆ అంకె చూసి ఇంకో రెండు గారెలు వేసుకునేవారు జాగ్రత్త. పదివేల అడుగుల లక్ష్యం కూడా వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగుల మీటరు అమ్మిన ఒక కంపెనీ ప్రచారంలోంచి వచ్చింది. అమెరికాలో పెద్ద వయసు స్త్రీల మీద చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడున్నర వేల దగ్గరికి వచ్చేసరికి మేలు పెరగడం ఆగిపోయింది. గుండె దడ, ఆయాసం ఉన్నవారు పట్టీ ఏ కంపెనీదని ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మిగిలింది పాత లెక్కలు. ఫిట్‌బిట్ వాడినవారు తమ సమాచారాన్ని గూగుల్ టేకౌట్ అనే సదుపాయం ద్వారా దించుకోవచ్చు. వచ్చేది ఒక పెద్ద మూట. అందులో వందల కొద్దీ ఫైళ్లు, నిమిషం నిమిషం అంకెలు. అవన్నీ కొత్త యాప్‌లోకి ఎక్కించాలని వారాల తరబడి తంటాలు పడేవారుంటారు. నాకు అది వృథా ప్రయాస అనిపిస్తుంది. ఫలానా మంగళవారం మీరు ఎన్ని అడుగులు వేశారో ఎవరికి కావాలి? పనికొచ్చేవి రెండు మూడే: నెలకు ఒకటి చొప్పున విశ్రాంతిగా ఉన్నప్పటి నాడి, బరువు, సగటు నడక. వాటిని ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. డాక్టరుకు చూపడానికి కూడా అదే సులువు.

పాత పట్టీలో లిథియం బ్యాటరీ ఉంటుంది. దాన్ని చెత్తబుట్టలో పడేయకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఇచ్చే ముందు అందులోని సమాచారం చెరిపేయండి, తర్వాత ఫిట్‌బిట్ ఖాతా తొలగించండి. ఖాతా తొలగించడానికి ముందు, దించుకున్న ఆ మూట ఒకసారి విప్పి, లోపల నిజంగా మీ అంకెలే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకసారి తొలగించాక ఎవరిని అడిగినా తిరిగి రావు.

సెలవు. నమస్కారం.