బ్రేక్ ప్యాడ్ గేజ్ రివ్యూ: బయటి ప్యాడ్ చూసి మోసపోకండి

నమస్తే అండీ. ఇదిగో బ్రేక్ ప్యాడ్ గేజ్ సెట్టు. బ్రేక్ నొక్కితే చక్రంతో తిరిగే డిస్కుని రెండు పక్కలా అదిమి పట్టేవే ప్యాడ్లు, అవి ఎంత మందం మిగిలాయో ఈ రేకులతో కొలుస్తాం. ఎర్రవి రెండు, పసుపువి మూడు, ఆకుపచ్చవి మూడు. అమ్మేవాళ్లే ఊరికే పంపారు. అలాగని మొహమాటపడేది లేదు, అది చివర్లో మీకే తెలుస్తుంది. ధర, లింకు కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, అవి నేను చదవను. సైజులు మాత్రం చెప్పేస్తాను: ఎరుపు 2, 3 మిల్లీమీటర్లు. పసుపు 4, 5, 6. ఆకుపచ్చ 8, 10, 12.

కొత్త ప్యాడ్ మీద అరిగే మెటీరియల్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, చిన్న కార్లకి ఇంకాస్త తక్కువ. అది 3కి వచ్చిందంటే కొత్త ప్యాడ్లు కొనేయాలి. 2కి వచ్చాక అరకు ప్రోగ్రాములు పెట్టుకోకండి.

ఇప్పుడు నాకు చిర్రెత్తించిన విషయం. డబ్బా మీద చూడండి, పెద్ద అక్షరాలు: "చక్రం విప్పకుండానే కొలవండి". ఎలాగండీ? అల్లాయ్ వీల్ అయితే ఊచల సందులోంచి బయటి ప్యాడ్ కనిపిస్తుంది, కాదనను. ప్లాస్టిక్ కవరున్న స్టీలు రిమ్ముకి అదీ కనిపించదు. సరే, కనిపించిందే అనుకుందాం. ముందుగా అయిపోయే ప్యాడ్ చాలా బళ్లలో బయటిది కాదు, లోపలిది!

దగ్గరగా చూపిస్తాను. ఈ రెండు ప్యాడ్లూ ఒకే చక్రంవి, ఒకే కాలిపర్‌లోంచి, అంటే ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే భాగంలోంచి వచ్చినవి. బయటిదానికి పసుపు 6 పెడుతున్నాను, సరిగ్గా సరిపోయింది. లోపలిదానికి ఎరుపు 2 కూడా పట్టడంలేదు. ఇంకోటి చూడండి, పై కొసకీ కింది కొసకీ కూడా తేడా ఉంది, ఏటవాలుగా అరిగింది. ఊచల్లోంచి తొంగి చూసినవాడు ఈ బండికి "ఇంకా ఏడాది లాగొచ్చు" అనేవాడు.

ఎందుకిలా? మన దగ్గర ఎక్కువ కార్లలో పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. బ్రేక్ నొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదకి తోస్తుంది. ఆ తోపుకే కాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ని కూడా లాగి డిస్కుకి ఆనిస్తుంది. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడే మోస్తుంది. వైజాగ్‌లో ఈ బాధ ఎక్కువ. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఆరుబయట పెట్టే బళ్లకి ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. పిన్ను మీది రబ్బరు బూటు చిన్నగా చిరిగినా చాలు, లోపల తుప్పు మొదలవుతుంది.

కాబట్టి ప్యాడ్లు మార్చినప్పుడు పిన్నులు బయటికి తీయించండి. పాత గ్రీజు తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. బేరింగులకి పెట్టే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. "గ్రీజు ఏదైనా గ్రీజే" అనే మెకానిక్ దగ్గర కాస్త గట్టిగా మాట్లాడండి, తప్పులేదు.

ఇక సౌండు. కామెంట్లలో రోజూ ఇదే ప్రశ్న, "అన్నా, సౌండ్ వస్తోంది, ప్యాడ్లు పోయినట్టేనా?" ఏ సౌండు అన్నది ముఖ్యం. రాత్రి వాన పడో, మంచు పడో, పొద్దున బండి తీయగానే మొదటి రెండు మూడు బ్రేకులకి గర్‌ర్ మని వచ్చి ఆగిపోయిందా? అది డిస్కు మీద పట్టిన పై తుప్పు, ప్యాడే గీకేస్తుంది. సముద్రం పక్క ఊళ్లో ఇది మామూలే. బ్రేక్ నొక్కినా నొక్కకపోయినా ఒకేలా గీసుకుంటోందా? డిస్కు వెనక ఉండే రేకుకీ డిస్కుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? ముందు డిస్కు చూడాలి, ప్యాడ్లు ఒక్కటే మారిస్తే పోదు.

ప్యాడ్ అరిగిందని చెప్పే సౌండు వేరే. ఈ ప్యాడ్ పక్కన వంచిన సన్న స్టీలు నాలిక చూడండి. మెటీరియల్ సుమారు 2, 3 మిల్లీమీటర్లకి వచ్చేసరికి ఇది డిస్కుకి తగిలి సన్నగా కీచుమంటుంది. అద్దాలు ఎత్తేసి, ఏసీ, పాటలు పెట్టుకుంటే వినపడదు. ఏదైనా కాంపౌండ్ గోడ పక్కనుంచి అద్దాలు దించి మెల్లగా నడపండి, గోడకి కొట్టి చెవిలో పడుతుంది. అయితే ఈ నాలిక చాలా సెట్లలో ఒక్క ప్యాడ్‌కే ఉంటుంది, చవక సెట్లలో అసలే ఉండకపోవచ్చు. కీచు రాలేదు కదా అని ధీమాగా ఉండకండి. కీచు దాటిపోయి బ్రేక్ వేసినప్పుడల్లా గరగరమంటోందంటే ఇనుము ఇనుముని కోస్తోందని లెక్క. అప్పటికి డిస్కు మీద గాట్లు పడిపోయి ఉంటాయి. డిస్కు మందం కొలిచి, దాని మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే తగ్గితే డిస్కూ మార్చాలి. రెండు మిల్లీమీటర్ల దగ్గర మేలుకోకపోతే బిల్లు ఇలా పెరుగుతుంది.

ఇంకో గుర్తు బానెట్ కింద ఉంది, ఎవరూ చూడరు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి బ్రేక్ ఆయిల్ దిగుతుంది. ఆయిల్ డబ్బాలో లెవెల్ మెల్లగా మిన్ గీత వైపు తగ్గుతుంది. సర్వీసులో దాన్ని చూసి పైదాకా నింపేస్తారు, ఆ గుర్తు కాస్తా పోతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్‌ని వెనక్కి నొక్కినప్పుడు ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. లెవెల్ తగ్గితే ముందు ప్యాడ్లు, ఆ తర్వాత లీకులు చూడమనండి. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం అది లీకే, బండి కదపొద్దు.

అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేవాళ్లకి ఒక మాట. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేశాయని. పెడల్ మెత్తగా కిందకి పోతే ఆయిల్ మరిగిందని. బ్రేక్ ఆయిల్లో డాట్ 3, డాట్ 4 అని రకాలుంటాయి. డాట్ 3కి కనీస మరుగు స్థాయి కొత్తలో 205 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 140. డాట్ 4కి 230, 155. మన గాలిలో తేమకి కొదవ లేదు కాబట్టి రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి. దిగేటప్పుడు సెకండ్ గేరులో ఉంచి ఇంజనుతో ఆపుకోండి. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తోందంటే ఇలా కాలిందే. మందం ఎంతున్నా అది మార్చాల్సిందే.

మళ్లీ గేజ్ దగ్గరికి. వాడే పద్ధతి తేలిక. బండి చదునైన చోట పెట్టి, ఫస్ట్ గేరు, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాయి పెట్టండి. నట్లు కింద ఉండగానే వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తి, స్టాండు పెట్టి చక్రం తీయండి. గేజ్ రేకు కొనని ప్యాడ్ వెనక ఇనుప ప్లేటుకీ డిస్కుకీ మధ్య దూర్చాలి. పెద్ద సైజుతో మొదలుపెట్టి దిగుతూ రండి, మొదట పట్టిందే మీ మందం. కంటితో చూస్తే ఆ ఇనుప ప్లేటు కూడా మెటీరియల్‌లో కలిసిపోయి కనిపిస్తుంది, గేజ్ ఆ మోసం జరగనివ్వదు. ఇది నాకు బాగా నచ్చింది. వంపు కొన లోపలి ప్యాడ్ దాకా సుఖంగా వెళ్లింది. రెండు కొసలా కొలవండి, తేడా బాగా ఉంటే పిన్నులు పట్టేశాయన్నమాట. ఇంతకుముందు ఫోనుకి తగిలించే చిన్న పాము కెమెరా కూడా చూశాం, బొమ్మ వచ్చింది గానీ అందులో కొలత రాదు.

మార్చేటప్పుడు కుడి ఎడమ రెండు చక్రాలకీ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి ఒక పక్కకి లాగుతుంది. దుమ్ముని గాలి గొట్టంతో ఊదనివ్వద్దు, ముక్కులోకి పోతుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిస్తే చాలు. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పంపు కొట్టండి, లేదంటే మొదటి బ్రేకుకి పెడల్ నేలకి తగులుతుంది.

తీర్పు: సెట్టు కొనొచ్చు, కొనమనే చెప్తాను. ఆ డబ్బా మీది మాట మాత్రం చెరిపేయాలి, దానికి ఒక మార్కు కోసేశాను. వెనక డ్రమ్ములున్న కార్లకి ఇది వెనక పనికిరాదు. అక్కడ బ్యాక్ ప్లేటు మీద రబ్బరు బిళ్ల ఉంటే అది తీసి టార్చి వేసి చూడాలి, లేకపోతే డ్రమ్ము విప్పాలి. హ్యాండ్‌బ్రేక్ ఇంతకు ముందుకంటే రెండు మూడు క్లిక్కులు ఎక్కువ లేస్తోందంటే కేబుల్ బిగించేయమనకుండా, ముందు డ్రమ్ము లోపలి లైనర్లు, అంటే అక్కడ ప్యాడ్లలా అరిగేవి, చూడమనండి.